మా గోడ పక్క బస్ స్టాప్

మా ఎస్టేట్ బస్సు కమిటీకి నేను కార్యదర్శినైంది ఒక్క మాట పొరపాటు వల్ల. ఎస్టేట్ అంటే తోటలూ బంగళాలూ అనుకోవద్దు. ఒకే అచ్చులో పోసినట్టుండే ఇళ్ల కాలనీని ఇక్కడ అలా అంటారు. డబ్లిన్ పడమటి అంచున, బ్లాంచర్డ్స్‌టౌన్ దాటాక మాదీ అలాంటిదే.

స్థానిక ఎన్నికల ముందు ఒక సాయంత్రం కౌన్సిలర్ మా తలుపు కొట్టాడు. నా చేతుల నిండా చపాతీ పిండి. ఆయన యాసలో నాకు చిక్కినవి మూడే మాటలు: బస్సు, కమిటీ, సెక్రటరీ. ఆ పని ఒప్పుకుంటారా అని అడుగుతున్నాడని అర్థమై, మర్యాదగా వద్దని చెప్పాలనుకున్నాను. మా ఆఫీసులో టీ కావాలా అంటే, అక్కర్లేనివాళ్లు "ఐయామ్ గ్రాండ్" అంటారు. నేనూ నవ్వుతూ "గ్రాండ్" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. నా పిండి చేతినే పట్టుకుని ఊపి, పేరు రాసుకుని, పక్కింటికి వెళ్లిపోయాడు.

మా అమ్మాయి మెట్ల మీద కూర్చుని అంతా వింది. ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగు బాగానే అర్థమవుతుంది కానీ, జవాబు మాత్రం డబ్లిన్ ఇంగ్లీషులో వస్తుంది.

"అమ్మా, యూ జస్ట్ సెడ్ యెస్ టు హిమ్," అంది.

"ఐయామ్ గ్రాండ్" అంటే వద్దని, ఉత్త "గ్రాండ్" అంటే సరేనని అప్పుడు నాకు విడమరిచి చెప్పింది.

ఫోన్ చేసి తప్పుకోవచ్చు. తప్పుకోలేదు, ఎందుకంటే ఆ బస్సు అందరికంటే నాకే ఎక్కువ అవసరం. మాకున్న ఒక్క కారూ నైట్ డ్యూటీకి మా ఆయనతో క్లోనీ దగ్గరి డేటా సెంటర్‌కు పోతుంది, పొద్దున నేను బయల్దేరే వేళకు తిరిగి రాదు. నేను సిటీలో ఉన్న ఆఫీసుకు వెళ్లాలంటే మెయిన్ రోడ్డు దాకా నడవాలి. అక్కడి గాలికి గొడుగు పైకి తిరగబడి పువ్వులా విచ్చుకుంటుంది. వాన పైనుంచి కాదు, పక్కనుంచి కొడుతుంది. ఆఫీసులో మొదటి మీటింగుకు నేను ఎప్పుడూ తడి సాక్సులతోనే కూర్చునేదాన్ని.

కార్యదర్శిగా నేను తెలుసుకున్న మొదటి సంగతి, బస్సుకు ఒకే యజమాని ఉండడని. రోడ్డు ఒకరిది, బస్సు ఇంకొకరిది, అది ఏ దారిన పోవాలో గీసేది మరొకరు. స్టాపు స్తంభం పాతడానికి వేరే అనుమతి. మా కరీంనగర్ వైపు ఊరికి బస్సు కావాలంటే నలుగురు కలిసి ఎమ్మెల్యే ఇంటి ముందు కూర్చుంటారు. ఇక్కడ ఎవరి ముందు కూర్చోవాలో తెలుసుకోవడానికే మాకు ఒక వేసవి పట్టింది. అందరూ ఎంత మర్యాదగా మాట్లాడేవారంటే, ఫోన్ పెట్టేశాక గానీ పని కాలేదని తట్టేది కాదు.

చివరికి దారి ఖాయమైంది. స్టాప్ ఎక్కడన్నది తేల్చడానికి స్కూల్ హాల్లో మీటింగు పెట్టారు. బల్లల మీద మ్యాపులు పరిచి, పక్కన టీ, బిస్కెట్లు ఉంచారు. కౌన్సిల్ నుంచి ఒక యువ ఇంజనీరు వచ్చాడు. హాల్లో బస్సు వద్దన్నవారు ఒక్కరూ లేరు. తమ ఇంటి ముందు స్టాప్ కావాలన్నవారు కూడా ఒక్కరూ లేరు. ఒకరికి చంటిపిల్ల నిద్ర, ఇంకొకరికి కుక్క గుండె జబ్బు. ఇంజనీరు పాపం మ్యాపు మీద ఒక చిన్న ఎర్ర బిళ్లను అటూ ఇటూ జరుపుతూనే ఉన్నాడు. బిళ్ల ఎవరి ఇంటి మీద ఆగితే వాళ్లు లేచి నిలబడేవారు.

అందరికంటే గట్టిగా మాట్లాడింది మా పక్కింటి ఆవిడ. భర్త పోయి ఒంటరిగా ఉంటుంది. ఎర్ర కారును ప్రతి ఆదివారం కడిగి తుడిచి మెరిపిస్తుంది. బస్సులంటే తనకు ఎంతో గౌరవమని, కానీ ముక్కూ మొహం తెలియనివాళ్లు తన గోడ మీద కూర్చుంటే మాత్రం ఊరుకోనని చెప్పింది.

టీ చల్లారిపోయింది. ఇంజనీరు కోటు తొడుక్కుంటున్నాడు. అప్పుడు నాకేమైందో తెలియదు, మా ఇంటి ముందే పెట్టండని అనేశాను. హాలంతా చప్పట్లు. వాకిట్లో కారు వచ్చిపోయే దారికి అడ్డం రాకూడదంటూ ఇంజనీరు బిళ్లను కొంచెం జరిపాడు. అది తిన్నగా వెళ్లి, నాకూ పక్కింటావిడకూ మధ్య ఉన్న గోడ దగ్గర ఆగింది.

ఇంటికొచ్చి సంగతి చెబితే మా ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు.

"మనింటి ముంగట్నా? నైట్ డ్యూటీ జేసొచ్చి నేను పగలెట్ల పండుకోవాలె?"

"బస్ స్టాపే గదా, బస్టాండ్ కాదు."

"అందరూ వద్దన్నదాన్ని తెచ్చుకున్నవంటే నువ్వు గట్టిదానివే," అని మళ్లీ అన్నం కలుపుకున్నాడు.

పక్కింటావిడ మాత్రం నాతో మాట్లాడటం మానేసింది, వాతావరణం గురించి తప్ప. ఇక్కడ శత్రువుతోనైనా ఆ ఒక్కటీ మానకూడదు. శీతాకాలమంతా ఆవిడ నాకేసి చూడకుండా ఆకాశంకేసి చూస్తూ, ఈ రోజు చలి ఎక్కువే అనేది. నేనూ ఆకాశానికే అవునని చెప్పేదాన్ని.

వసంతంలో స్తంభం వచ్చింది. మొదటి బస్సు రోజున నేను సెలవు పెట్టి, మిర్చి బజ్జీలు వేసి డబ్బాలో సర్దాను. కమిటీ అంతా స్తంభం పక్కన వరుసగా నిలబడింది. మధ్యలో కౌన్సిలర్, ఎదురుగా కెమెరా పట్టుకున్న ఆయన. మలుపు తిరిగి బస్సు వచ్చింది. అందరం కెమెరాకేసి నవ్వాం. బస్సు మమ్మల్ని దాటుకుని వెళ్లిపోయింది. డ్రైవర్ చెయ్యి కూడా ఊపాడు.

ఇక్కడ చెయ్యి చాపనిదే బస్సు ఆగదు. అది మా అందరికీ తెలుసు. పక్కవాడు చాపుతాడులే అని ప్రతివాళ్లూ అనుకున్నాం. కౌన్సిలర్ గొంతు సవరించుకున్నాడు. వాన మొదలైంది.

అప్పుడు పక్కింటి తలుపు తెరుచుకుంది. ఆవిడ కిటికీలోంచి అంతా చూసినట్టుంది, నవ్వు ఆపుకోలేకపోతోంది. తర్వాతి బస్సు వచ్చేదాకా లోపలికి రండని పిలిచింది. ఆవిడ ముందుగదిలో సోఫాల నిండా కూర్చుని టీ తాగాం, బజ్జీలు తిన్నాం. ఆవిడ ఒక బజ్జీ తిని, కళ్ల నీళ్లు తుడుచుకుని, ఇంకోటి తీసుకుంది. తర్వాత లేచి కోటు తొడుక్కుంది, చేతిసంచి తీసుకుంది, మాతోపాటే బయటికి వచ్చింది. బస్సు మలుపులో ఉండగానే చెయ్యి చాపింది. అందరికంటే ముందు ఎక్కి, పెద్దవాళ్లకిచ్చే ఉచిత పాసు చూపించి, ముందు సీట్లో కూర్చుంది.

నేను పక్కన కూర్చున్నాను. బ్లాంచర్డ్స్‌టౌన్ ఆసుపత్రిలో కంటి డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని చెప్పింది. కారు నడపడం మానమంటారేమో అంది. చూపు తగ్గుతున్న సంగతి తనకు పోయిన ఏడాది నుంచే తెలుసని, బస్సు వాకిట్లోకి వస్తే కారు ఉంచుకోవడానికి సాకు ఉండదని భయపడ్డానని, కిటికీకేసి చూస్తూ చెప్పింది. ఆసుపత్రి స్టాపులో ఆవిడతోపాటే దిగాను. డాక్టరు గదిలోంచి బయటికొచ్చాక ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. తిరుగు బస్సులో మాత్రం ఇల్లు చేరేదాకా ఎర్ర కారు గురించే మాట్లాడింది. భర్త ఆ కారు కొన్న రోజు, ఇంటి దాకా నడిపింది తనేనట.

కారు వేసవిలో అమ్మేసింది. ఇప్పుడు వారానికి మూడు నాలుగుసార్లు బస్సెక్కుతుంది. బయల్దేరే ముందు గోడ మీద తనే కూర్చుంటుంది. బస్సు కాస్త ఆలస్యమైతే చాలు, ఆ బస్సు నాదే అన్నట్టు వచ్చి మా తలుపు కొడుతుంది. ఆ వేళకు నేను ఆఫీసులో ఉంటాను. నిద్ర కళ్లతో, లుంగీతో తలుపు తీసేది మా ఆయనే. ఆ బస్సు ఒక్కసారీ ఎక్కని మనిషి, ఆవిడకు రౌండెబౌట్ దగ్గరి ట్రాఫిక్ గురించి వివరిస్తాడట. మొన్న ఫోన్‌లో బస్సుల యాప్ కూడా పెట్టుకున్నాడు.

"సెక్రటరీవి నువ్వు," అన్నాడు, "డ్యూటీ జేస్తున్నది నేను."