జెఫెరీనో బూట్లకు ఎర్మెలింద చెప్పిన ధర

ఎర్మెలింద పదహారేళ్లకే అబీలియో గారి బూట్ల ఫ్యాక్టరీలో జిగురు పూసే బల్ల దగ్గర చేరింది. ఆ వాసనకు పట్టుకున్న తలనొప్పి ఇంటిదాకా వెంట వచ్చేది. అయినా ఆమె చూపెప్పుడూ పై అంతస్తు మీదే. బూటు నమూనాలు గీసి కత్తిరించేది అక్కడ. మొండిది కదా, మెట్టుమెట్టుగా ఎక్కి చివరికి ఆ గదిలోనే కూర్చుంది. నలభై దాటేసరికి అక్కడ ఆమె మాటకు తిరుగులేదు. జీతం కూడా అందుకు తగ్గట్టే ఉండేది. ఇల్లు కట్టుకుంది. మొగుడు బెల్మీరో టైర్ల దుకాణం పెట్టుకోవడానికి ముందు డబ్బు పెట్టింది కూడా ఆమే.

ఇంకేం కావాలంటారా? ఊళ్లోవాళ్లూ అదే అడిగారు.

ఫ్యాక్టరీ గేటు పక్కన చిన్న దుకాణం ఉంటుంది, మిగిలిపోయిన జతలు చవగ్గా అమ్ముతారు. ఒకరోజు ఒకావిడ ఒకే రకం బూట్లు, వేర్వేరు కొలతల్లో రెండు జతలు కొంది. ఆమె పాదాలు రెండూ ఒక్క కొలత కావు. ఈ జతలో ఒకటి, ఆ జతలో ఒకటి తొడుక్కుని, మిగిలిన రెండిటినీ బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది. అలవాటైన పనిలా ఉంది, వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఆ రెండు బూట్లనూ ఎర్మెలింద పైకి తెచ్చి కిటికీలో పెట్టుకుంది. వాటిని చూసినప్పుడల్లా సిగ్గేసేది. ఇంత పనితనం పెట్టుకుని, కాళ్లు సరిగ్గా ఉన్నవాళ్లకేనా తను కుట్టేది?

ఆ చలికాలంలోనే అబీలియో గారు ఆమెను పిలిచి, నమూనాల గదికి పెద్దగా ఉండమన్నారు.

"ఉంటాను. కానీ నాకొక బల్ల కావాలి. వంకర కాళ్లకీ, పొట్టి కాళ్లకీ, పుళ్లు పడ్డ కాళ్లకీ బూట్లు చేస్తాను."

"ధర్మకార్యమా? దానికి చర్చిలో కానుకల పెట్టె ఉంది కదమ్మా."

"ధర్మం కాదండీ, వ్యాపారమే. నా జీతం నాకు రావాలి. మీ లాభం మీకు రావాలి."

"నాలుగు డబ్బులు రావాలి, పుణ్యమూ రావాలి. రెండూ ఒకే బూటులో పట్టవు ఎర్మెలిందా."

"పట్టేలా కత్తిరించడమే కదండీ నా పని."

ఆయన నవ్వలేదు. ఒక షరతు పెట్టారు. ఆయన పెదనాన్న కొడుకు జెఫెరీనోకి చిన్నప్పుడు ద్రాక్షపందిరి నిచ్చెన మీంచి పడి ఒక కాలు పొట్టిదైపోయింది. అడుగున కొయ్య కొట్టిన బూటుతో టక్కుటక్కుమని నడుస్తాడు. ఈస్టర్ నాడు శిలువను ఇంటింటికీ మోసుకెళ్లే వంతు వాళ్లింటికి వచ్చినప్పుడల్లా అతని అన్నే మోసేవాడు, ఇతను కిటికీలోంచి చూసేవాడు. అన్న పోయాడు. ఈసారి వంతు మళ్లీ వచ్చింది. నేనే మోస్తానని జెఫెరీనో పట్టుబట్టాడు.

"అతనికి బూట్లు చెయ్యి. రోజంతా నిలబెట్టావా, నీ బల్ల నీది. లేదా, నోరెత్తకుండా పెద్ద కుర్చీలో కూర్చో. మళ్లీ ఈ మాట నా దగ్గర ఎత్తకూడదు."

ఎర్మెలింద ఆ కాలికి ప్లాస్టరు పిండితో అచ్చు తీసింది. తక్కువైన ఎత్తును బూటు లోపలే దాచింది. బయటికి రెండూ కవలల్లా కనిపించాలని నానా తంటాలూ పడింది. నల్లటి దూడ తోలు, దారం కనబడని కుట్టు. అడుగున మాత్రం, ఆలోచించకుండానే, తోలు సోలు వేసింది. మా ఊళ్లో పండుగ బూటుకు రబ్బరు వేయడమంటే పెళ్లి భోజనానికి కాగితం పళ్లేలు పెట్టడమే. జెఫెరీనో ఫ్యాక్టరీ నేల మీద అటూ ఇటూ నడిచి, చప్పుడు రావడం లేదేమిటని కిందికి చూసుకున్నాడు. ఆ మొహం చూసి ఎర్మెలింద కళ్లు తుడుచుకుంది.

ఈస్టర్ తెల్లవారుజామున చిన్న జల్లు పడి ఆగిపోయింది. ప్రతి ఇంటివాళ్లూ గుమ్మం ముందు పచ్చి సోంపు కొమ్మలు, కామెల్లియా పూల రేకులు పరిచారు. అలా పరిస్తేనే, శిలువ లోపలికి రావచ్చని అర్థం. ఎర్మెలింద పరిచినంత మందంగా ఎవరూ పరచలేదు. మరి ఆ రోజు ఆమెకు రెండు పండుగలు.

గంట మోగింది. ఎర్రటి పైవస్త్రం వేసుకుని, శిలువ ఎత్తి పట్టుకుని జెఫెరీనో వచ్చాడు, వెనకాల ఫాదరు గారు, మరో నలుగురు. పొద్దుటినుంచీ సగం ఊరు తిరిగాడు, నడకలో తడబాటు లేదు. ఎర్మెలింద గుమ్మంలో మాత్రం తోలు సోలు తడి రేకుల మీద జర్రున జారింది. మోకాలి మీద కూలబడ్డాడు. బెల్మీరో ఒక్క అంగలో వచ్చి శిలువను పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది.

ఎర్మెలింద గబుక్కున ముందుకొచ్చింది. ఒంగి, చేత్తోనే రేకులన్నీ పక్కకు తోసెయ్యసాగింది.

"ఊళ్లో అన్ని గుమ్మాలూ ఇలాగే ఊడ్చుకుంటూ వస్తావా పిల్లా?" అన్నాడు జెఫెరీనో. "పొద్దుటినుంచీ జారుతూనే ఉంది. నోరు మూసుకుని ప్రాణం ఉగ్గబట్టుకుని నడుస్తున్నాను."

"చెప్పొచ్చు కదా బాబాయ్."

"ఊరికే వచ్చినదాని మీద ఏమని చెప్పను?"

ఆమె అతన్ని వంటింట్లోకి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. బెల్మీరో దుకాణంలోంచి గాట్లు ఉన్న రబ్బరు ముక్క తెచ్చి, బూట్ల అడుగున అంటించింది. జిగురు ఆరేదాకా శిలువ వాళ్ల బల్ల మీదే ఉండిపోయింది. ఏ ఇంట్లోనూ అంతసేపు ఆగినట్టు ఎవరికీ గుర్తు లేదు. ఫాదరు గారు మాత్రం కేకు కోసుకుంటూ, తొందరేమీ లేదమ్మా అన్నారు.

పక్కిల్లు అబీలియో గారిదే. శిలువ ఎంతకీ రాకపోయేసరికి ఆయనే వెతుక్కుంటూ వచ్చారు. జెఫెరీనో వట్టి కాళ్లతో కూర్చుని ఉండడం చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. ఇన్నేళ్లలో ఆ కాలు ఆయన కూడా చూడలేదు.

"నిలబెట్టలేకపోయావన్నమాట," అన్నారు.

"లేకపోయానండీ. కాలికి కుట్టాను, ఊళ్లోని తడి గుమ్మాలకు కుట్టలేదు."

జెఫెరీనో ఆరిన బూటు తొడుక్కుని, లేచి నిలబడి, రేకుల మీదే రెండడుగులు వేసి చూసుకున్నాడు. ఆ తర్వాత జేబులోంచి పర్సు తీశాడు.

"ధర ఎంత?"

"నీ దగ్గర డబ్బేమిటి బాబాయ్. పండుగ కానుక."

"అయితే ఇప్పుడే విప్పేస్తాను. నా బతుకంతా ఊరికే ఇచ్చిన బూట్లే. ఈ తమ్ముడు ఏటా కొయ్య కొట్టించి పంపేవాడు, అది మడమ కొరుకుతోందని ఒక్కసారైనా అనగలిగానా? డబ్బిచ్చి కొంటేనే, రేపు కరిస్తే నీ గుమ్మంలో నిలబడి తిట్టగలను. తిట్టే హక్కు నాకు కావాలి. ధర చెప్పు."

అబీలియో గారు తల దించుకున్నారు.  ఎర్మెలింద ఆ లెక్క ఎప్పుడో వేసి పెట్టుకుంది కానీ, ఆ కాలిని చూస్తూ నోటితో చెప్పడం ఇంత కష్టమనుకోలేదు.

"మూడు వందల ఎనభై యూరోలు," అంది, గొంతు తగ్గించకుండా.

"ఖరీదే. రబ్బరుతో కలిపేనా?"

"రబ్బరుతో కలిపే."

అతను సగం అక్కడే ఇచ్చి, మిగతాది నెలాఖరుకి ఇస్తానన్నాడు. శిలువ ఎత్తుకుని, గంట వెనకాల బయటికి నడిచాడు.

అబీలియో గారు వెంటనే వెళ్లలేదు. "అందులో నీ జీతం ఎంత తగ్గించి వేశావు?"

"ఒక్క యూరో కూడా తగ్గించలేదండీ. మీ లాభం కూడా ఉంది."

"కిటికీ పక్క బల్ల ఖాళీ చేయిస్తాను," అంటూ ఆయన గబగబా తన గుమ్మంలోకి పరుగెత్తారు. శిలువ అప్పటికే అక్కడికి చేరిపోయింది.

రెండు వారాలు గడిచాయో లేదో, జెఫెరీనో ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి, ఎడమ మడమ కరుస్తోందని, ఇంత డబ్బు గుంజి ఇదా పనితనమని వీధంతా వినబడేలా తిట్టాడు. ఎర్మెలింద చేతిలో పని వదిలేసి, రెండేసి మెట్లు దిగుతూ వచ్చింది. జిగురు బల్ల రోజుల నుంచీ ఆమెను ఎరిగినవాళ్లు చెబుతారు, ఆ మొహంలో అంత సంతోషం అంతకుముందెప్పుడూ చూడలేదని.