చేటంత మొగులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మొగులు సంగతి చెప్పే హక్కు మా తాత ఒక్కడికే ఉండేది. మా వైపు ఆకాశాన్నీ మొగులనే అంటారు, మబ్బునూ మొగులనే అంటారు. శంషాబాద్ నుంచి మహేశ్వరం పోయే దారికి కాస్త లోపలగా ఉండేది మా ఊరు. ఇప్పుడు ఆ పొలాల మీదుగా విమానాలు కిందికి దిగుతుంటాయి. అప్పుడు జొన్న, కంది, ఆముదం వేసేవాళ్ళం. అన్నీ వాన మీద ఆధారపడ్డవే. విత్తనం ఎప్పుడు వేయాలో తాత చెబితే మా బాపు ఎడ్లకు గొర్రు కట్టేవాడు. ఊరివాళ్ళు కూడా మా అరుగు దగ్గర ఆగి, తాత ఏమంటాడో విని పోయేవారు.

మబ్బుల్ని గుర్తుపట్టడం తాత నాకు నేర్పాడు. విడివిడిగా పరుగెత్తేవి ఉత్తవి. పైన ఎంత తెల్లగా పొంగినా, కింద నలుపు లేకపోతే లెక్కలోకి రావు. కింద గీత గీసినట్టు నల్లగా ఉండి, ఒకచోట కదలకుండా నిలిచి, లోపల మెరుపు మెదిలితే దాన్ని నమ్మవచ్చు. దాన్ని ఆయన 'కూసున్న మొగులు' అనేవాడు.

నాకు పదేళ్ళు వచ్చిన ఏడు, మృగశిర కార్తె దగ్గర పడుతుండగా, తాత ప్రతి సాయంత్రం నన్ను వీధిలోకి పోయి మొగులు చూసి రమ్మనేవాడు. వచ్చాక "ఎట్లున్నది బిడ్డా?" అని అడిగేవాడు. పాఠం అప్పజెప్పించుకుంటున్నాడనుకున్నాను. బడిలో పంతులు తనకు తెలిసిందే మనల్ని అడుగుతాడు కదా, ఇదీ అంతే అనుకున్నాను. "తెల్లగున్నది తాతా, ఉరుకుతున్నది" అంటే "ఊఁ" అని తల దించుకునేవాడు. నాలుగైదు రోజులు నాది అదే జవాబు, ఆయనది అదే ఊఁ.

ఆ తర్వాతి సాయంత్రం పడమట చేటంత నల్లటి ముక్క కనిపించింది. చుట్టూ అంతా తెలుపే. నేను పరుగెత్తుకుని వచ్చి, "కూసున్న మొగులు తాతా. ఈ కొసకెంచి ఆ కొసదాక నల్లగున్నది. కింద గీత గీసినట్టే ఉన్నది. మెరుస్తున్నది గూడ" అన్నాను. మెరుపు నేను చూడలేదు. పాఠంలో ఉంది కాబట్టి చెప్పాను. తాత నవ్వి నా తల నిమిరాడు. ఆ నవ్వు కోసమే చెప్పాను.

బాపు పనిమీద పోయి చీకటి పడ్డాక వచ్చాడు. రేపు గొర్రు కట్టమని తాత చెప్పాడు. తెల్లారి చూస్తే మొగులు ఖాళీగా ఉంది. బాపు తలెత్తి చాలాసేపు చూశాడు.

"నాకైతే ఏం కనిపిస్తలేదు నాయినా. జర ఆగుదామా?"

"కూసున్న మొగులు యాడికి పోదు. నిన్న చూసిన గద."

"నువ్వే చూసినవా?"

"ఇంకెవలు చూస్తరు?"

బాపు పోయి ఎడ్లకు గొర్రు కట్టాడు. బూడిద కలిపి కుండల్లో దాచిన విత్తనమంతా రెండు రోజుల్లో పొడి దుక్కిలోకి పోయింది. నేను గట్టు మీద నిలబడి చూశాను. అప్పుడైనా నిజం చెప్పాలనిపించలేదా అని తర్వాత చాలాసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నాను. అనిపించలేదు. తాత కూడా చూసే ఉంటాడు, నా జవాబుతో పనేముంది అనుకున్నాను.

రెండు రోజులకు చిన్న జల్లు పడింది. మన్ను పైపైన తడిసి మొలకలు లేచాయి. ఆ తర్వాత పదిహేను రోజులు చినుకు లేదు. మొలకలు ఎర్రబడి, ముట్టుకుంటే పొడి అయ్యేలా ఎండిపోయాయి. అసలు వాన వచ్చినప్పుడు ఊరంతా విత్తనం వేసింది. మా ఇంట్లో మళ్ళీ వేయడానికి గింజ లేదు. మా చేను ఊరికే తడిసింది. బాపు రాళ్ళు కొట్టే పనికి పోవడం మొదలుపెట్టాడు.

అరుగు దగ్గర ఆగేవాళ్ళు ఆగడం మానేశారు. ఒకాయన మాత్రం ఆగి, "పెద్దాయనా, మా పెరట్ల మొగులు కూసున్నదా, పండుకున్నదా? జర చూసి చెప్పరాదే" అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. తాత కూడా నవ్వబోయాడు. బాపు లోపలినుంచి వచ్చి, "ఇగ ఈ ఇంట్ల మొగులు మాట ఎత్తకు నాయినా. రేడియో చెప్తది, నేనింట" అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి బాపు ఆయనతో మాట్లాడలేదు. అన్నానికి రమ్మని చెప్పాలన్నా మా అమ్మతో చెప్పించేవాడు.

మర్నాడు తాత పసుల కొట్టంలో ఒక్కడే కూర్చుని ఉంటే వెళ్ళి చెప్పాను.

"నేను అబద్ధం చెప్పిన తాతా. గట్ల లేకుండె."

"ఎంతుండె మరి?" అన్నాడు.

"చేటంత."

"మెరిసిందా?"

"లేదు."

తిడతాడని చూశాను. ఆయన నా చెయ్యి కోసం వెతికాడు. ఎదురుగా ఉన్న చెయ్యి కోసం ఆయన గాలిలో వెతకడం అప్పుడే మొదటిసారి గమనించాను. "నాకు కండ్లల్ల మొగులు పట్టింది బిడ్డా. పోయిన దీపావళి కెంచి. నీ మొకం గూడ పొగలెక్కనే కనిపిస్తది" అన్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. చెబితే ఇక ఏ పనికీ తనను అడగరని భయమట. "ఎందుకడుగుతున్ననో చెప్పకుంట అడిగిన. అది నా తప్పు. నీది కాదు" అన్నాడు.

బాపుకు చెబుతానన్నాను. వద్దన్నాడు. "నా మీదున్న కోపం తీసి నీ మీద పెడ్తడు. నేనైతే మోస్త, నువ్వు మొయ్యలేవు. నీ సంగతి నేను చెప్ప, నా కండ్ల సంగతి నువ్వు చెప్పకు." ఆయన కరుణతోనే అన్నాడు. నేను మాత్రం బరువు దిగిందన్న సంతోషంతో ఒప్పుకున్నాను.

ఆ తర్వాత ఆయనకు నేను కళ్ళయ్యాను. చెప్పులు కాళ్ళ దగ్గర పెట్టేదాన్ని, మెట్టు వస్తే దగ్గేదాన్ని. దారిన పోయేవాళ్ళ పేర్లు మెల్లగా చెప్పేదాన్ని. చూసింది చూసినట్టే చెప్పేదాన్ని, ఒక్క మాట కలపకుండా. మేమిద్దరం ఎంత బాగా దాచామంటే ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. చలికాలంలో ఒక ఆటో మైకు పెట్టుకుని ఊళ్ళోకి వచ్చింది. శంషాబాద్ బడిలో కళ్ళు చూస్తారని, పొర ఉంటే పట్నం దవాఖానకు తీసుకుపోయి ఉచితంగా తీస్తారని చెప్పింది. తాత ఆ గొంతు వైపు తల తిప్పాడు. నేను కూడా విన్నాను. ఇద్దరం ఏమీ అనలేదు.

అదే చలికాలంలో ఒక మధ్యాహ్నం బాపు పనిలేక ఇంట్లో ఉన్నాడు. తాత అరుగు మీద కూర్చున్నాడు. బాపు వచ్చి అరుగు రెండో చివర కూర్చున్నాడు. అలా కూర్చుని ఆరు నెలలు దాటింది. కాసేపటికి బీడీ కట్టలోంచి ఒకటి తీసి, ఏమీ అనకుండా తాత వైపు చాచాడు. మా బాపు క్షమించమని అడిగే మనిషి కాదు. ఆయనకు చేతనైంది అదే. తాత ముఖం రోడ్డు వైపే ఉంది. బాపు చెయ్యి అలాగే కాసేపు ఉంది. తర్వాత బీడీని కట్టలో పెట్టుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

నేను చెంబుతో నీళ్ళు పట్టుకుని గడపలో ఉన్నాను. "తాతా, బాపు బీడీ ఇస్తున్నడు" అంటే సరిపోయేది. కానీ ఎదురుగా ఉన్నది చెప్పాల్సి వచ్చిందంటే ఆయనకు కనబడదని బాపుకు తెలుస్తుంది. అది తెలిస్తే ఆ సాయంత్రం మొగులు ఎవరు చూశారన్న ప్రశ్న వస్తుంది. పదేళ్ళ పిల్లకు అంత లెక్క ఎలా తోచిందో తెలియదు, తోచింది. నోరు మూసుకున్నాను. "ఎవలో వచ్చినట్టుండె?" అని తాత అడిగాడు. ఎవరూ లేరన్నాను. అది నా రెండో అబద్ధం.

ఎండాకాలంలో జ్వరం వచ్చి తాత పోయాడు. అప్పటికి మళ్ళీ మృగశిర ఇంకా రాలేదు. మూడో రోజు తాత పేరున పిట్టకు ముద్ద పెట్టి తిరిగి వస్తున్నప్పుడు, దారిలో బాపు వెనకబడితే ఆగి మొత్తం చెప్పాను. మొగులు సంగతి, కళ్ళ సంగతి. బాపు అంతా విన్నాడు. ఒక్కటే అడిగాడు.

"బీడీ ఇచ్చిన నాడు గూడ కనబడలేదా?"

"కనబడలేదు బాపూ."

"నేను పొగరనుకున్న" అన్నాడు. దారి పక్కనున్న చేను గట్టు మీదే కూర్చుండిపోయాడు. కొడతాడేమోనని నిలబడ్డాను. కొట్టలేదు, తిట్టలేదు. ఆ తర్వాత కూడా, తాను పోయేదాకా, ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

పెద్దయ్యాక పుస్తకాలు చాలా చదివాను. మబ్బును దుఃఖంతో, అనుమానంతో, అడగకుండా ఇచ్చే దాతతో పోల్చిన వాక్యాలు ఎన్నో చదివాను. అవి తప్పని అనను. ఆ మూడూ ఒకే ఏడాది మా ఇంట్లో ఉన్నాయి. కానీ అలాంటి వాక్యం వచ్చినప్పుడల్లా పుస్తకం మూసి పక్కన పెడతాను.

చూసినంతే చెప్పడం నాకు ఆ ఏడే అలవాటైంది. అది పెద్ద కష్టం కాలేదు. కష్టమైంది రెండోది. ఒకరు చెయ్యి చాచి, ఇంకొకరు అది చూడకపోతే, పక్కనున్న నేను నోరు విప్పాలి. ఇప్పుడు విప్పుతాను. అన్నదమ్ముల మధ్య, మొగుడూ పెళ్ళాల మధ్య, అడగకపోయినా చెబుతాను, అతను నీ కోసం వచ్చి నిలబడ్డాడని, ఆమె ఇందాక నీ వైపు చూసిందని. నీకెందుకమ్మా మా సంగతి అంటారు. అననిస్తాను.