ఏం కూర, బావా?

నేను బందరు ఆసుపత్రిలో నర్సుగా చేరిన కొత్తలో, రక్తపరీక్షలు చేసే ఆయనకు ఒక అలవాటుండేది. మైక్రోస్కోపు ముందు నుంచి లేచి నేరుగా రోగి మంచం దగ్గరికి వచ్చి, “ఏం కూర తిన్నావు, బావా?” అని అడిగేవారు. రోగులు విసుక్కుంటూనే జవాబిచ్చేవారు. అందరితో వరస కలపడం ఆయన సరదా అనుకునేదాన్ని.

ఒకసారి ఏజెన్సీలో బట్టలమ్మి తిరిగొచ్చిన పెడన నేతగాణ్ణి మలేరియాతో చేర్చారు. రక్తంలో క్రిములు కొద్దిగానే కనిపించాయని వినగానే అతని భార్యకు ధైర్యం చెప్పేశాను. ఆయన వచ్చి కూర సంగతి అడిగారు. మగతలో ఉన్న నేతగాడు పలకలేదు.

“డాక్టరు గారిని పిలవమ్మా” అన్నారు.

“కొంచెమే ఉన్నాయన్నారు కదండీ?”

“కాలవ మధ్యలో నీళ్ళు తేటగానే ఉంటాయి. గుర్రపుడెక్కంతా తూము దగ్గర పట్టేసి ఉంటుంది. క్రిమి పట్టిన రక్తకణాలూ అంతే. మెదడులో సన్నటి నాళాల గోడలకు అతుక్కుపోతే, నా గాజుపలక మీదికి ఎలా వస్తాయి?”

వెంటనే క్వినైను ఎక్కించారు. ఆయన మాత్రం పూటపూటా వచ్చి అదే ప్రశ్న వేసేవారు. మూడోరోజు పొద్దున నేతగాడు కళ్ళు తెరిచాడు.

“ఎన్నిసార్లడుగుతారు బావగారూ? ముందు అన్నం పెట్టించండి, కూర సంగతి తర్వాత చెబుతాను.”