అక్క లెక్కల పరీక్ష రోజు ఆగి ఆగి నడిచిన కారు

మా చిన్నప్పుడు, అక్క పదో తరగతి ఎస్సెస్సెల్సీ లెక్కల పరీక్ష రోజు పొద్దున... మా పాత తెల్ల కారు 'టక్' అని ఒక్క శబ్దం చేసి ఊరుకుంది. నాయన తాళంచెవి మళ్లీ తిప్పాడు. మళ్లీ 'టక్'... అంతే.

పరీక్ష చింతామణిలో. మాది కర్ణాటకలో, మురుగమల్ల దర్గాకు పోయే దారిలో ఒక చిన్న ఊరు. ఆ రోజు దర్గాకు వచ్చిపోయే జనంతో బస్సులన్నీ నిండిపోయి, మా ఊళ్లో ఒక్కటీ ఆగలేదు. అందుకే కొట్టంలోంచి కారు తీయాల్సి వచ్చింది.

అదెందుకు కదలడం లేదో నాకు అనుమానం ఉంది. ముందురోజు సాయంత్రం అందులో కూర్చుని డ్రైవర్ ఆట ఆడుతూ లైట్లన్నీ వేశాను. ఆర్పానో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. తొమ్మిదేళ్లదాన్ని... భయంతో నోరు తెరవలేదు.

పక్కింటి నారాయణప్ప మామ ట్రాక్టర్ తెచ్చి కారు పక్కన నిలిపాడు. దాని బ్యాటరీ నుంచి మా బ్యాటరీకి లావుపాటి వైర్లు తగిలించి "ఇప్పుడు తిప్పప్పా" అన్నాడు. ఇంజన్ గుర్రుమని లేచింది! వైర్లు పీకేస్తూ, "చింతామణి చేరేదాకా ఆఫ్ చేయొద్దు. పోతా పోతా అదే చార్జ్ అయితాది" అన్నాడు.

తోయాల్సి వస్తే మనుషులుండాలని అమ్మా నేనూ కూడా ఎక్కాం.

మైలు దూరం పోలేదు... గొర్రెల మంద అడ్డం వస్తే నాయన బ్రేకు వేశాడు. ఇంజన్ వణికి ఆగిపోయింది. దిగి తోశాం. లేచింది. తర్వాతి మలుపులో నిదానించగానే మళ్లీ ఆగింది. జోరుగా పోతే బాగానే ఉంటుంది, నిదానిస్తే ప్రాణం పోతుంది. ఇదేం రోగమో ఎవరికీ అంతుపట్టలేదు. అక్క ఒక చేత్తో హాల్ టికెట్ పట్టుకుని, ఇంకో చేత్తో కారు తోస్తూ ఏడుస్తోంది...

మూడోసారి ఒక సైకిల్ షాపు ముందు ఆగింది. నలుగురు చేరారు.

"బ్యాటరీ పొయ్యిండాదప్పా, కొత్తది వెయ్యాల" అన్నాడు ఒకాయన.

"బ్యాటరీ కాదు, పెట్రోల్లో కసువు చేరిండాది" అన్నాడు షాపాయన.

"డైనమో ఎవురికన్నా చూపిచ్చినారా?" అన్నాడు మూడో ఆయన.

నాయన ఒక్కొక్కరి వైపూ తిరిగి తిరిగి చూశాడు. చివరికి తలగుడ్డ తీసి ముఖం తుడుచుకుని, "బ్యాటరీనే చెడిపోయినట్టుండాది. ఇంగేం చేసేది?" అన్నాడు అమ్మతో.

అక్క రోడ్డు మీదే కూలబడింది. ఇక నావల్ల కాలేదు.

"నాయనా... నేనే. నిన్న లైట్లు వేసి ఆడుకుంటిని. ఆర్పలేదేమో..."

అమ్మ చెయ్యెత్తింది. నాయన ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. తిడతాడనుకుంటే... కారు వైపు తిరిగాడు.

"లైట్లు ఎలిగి ఎలిగి బ్యాటరీ దిగిపోయిండాది. అంటే బ్యాటరీ చెడిపోలేదు" అన్నాడు మెల్లగా. "మరి ఇంజన్ ఎందుకు ఆగతాండాది? ఇది వేరే సంగతి. ట్రాక్టర్ వైర్లు తగిలిచ్చినాకనే మొదులయ్యిండాది..."

గబగబా బానెట్ ఎత్తాడు. బ్యాటరీ మీద వైరును పట్టి ఉంచే బిగింపును వేలితో తాకాడు. అది వదులు పన్నులా ఊగింది! పొద్దున వైర్లు పీకినప్పుడు అదీ కదిలిపోయినట్టుంది. కుదుపుకు ఒకసారి తగులుతోంది, ఒకసారి వదిలేస్తోంది. జోరుగా పోయేటప్పుడు డైనమో కరెంటే ఇంజన్‌కు సరిపోయింది, నిదానిస్తే మాత్రం బ్యాటరీ కావాలి, అది అందలేదు.

షాపాయన పానా తెచ్చిచ్చాడు. నాయన బిగించాడు. తలా ఒక మాట చెప్పిన ఆ ముగ్గురే వచ్చి తోశారు. ఆ తర్వాత కారు ఎక్కడా ఆగలేదు.

స్కూలు గేటు మూసేస్తున్నారు. దూరం నుంచి మమ్మల్ని చూసిన మేష్ట్రు త్వరగా రమ్మని కన్నడలో కేకేశారు. దుమ్ము చేతులతోనే అక్క లోపలికి పరుగెత్తింది. పాసైంది కూడా... లెక్కలంటే మాత్రం దానికి ఇప్పటికీ పడదు!

తిరిగి వచ్చేటప్పుడు నాయన నన్ను ముందు సీట్లో, తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇల్లు చేరాక లైట్లు ఆర్పి ఉన్నాయో లేదో నాచేతే చూపించాడు. అది శిక్షో, మెప్పో... ఆ రోజు నాకు అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ అర్థం కాలేదు.

పోయిన వారం చిక్కబళ్లాపురంలో నా కారు కూడా అలాగే మొరాయించింది. కారు కంపెనీకి ఫోన్ చేస్తే ఒకతను వచ్చి స్టార్ట్ చేసి వెళ్లిపోయాడు. వెంటనే స్టీరింగ్ ఎదురుగా ఏదో పసుపు లైటు వెలిగింది. షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్ చిన్న మిషను తగిలించి, నాకు అర్థం కాని పేరేదో చదివాడు. సరేనని తలూపాను. దారిలో నేను అంతసేపు నిలబడినా ఒక్కరు ఆగి ఏమైందని అడగలేదు... తప్పో ఒప్పో, ఏదో ఒకటి చెప్పేవాళ్లు ఒక్కరైనా ఉంటే బాగుండేదనిపించింది.

మీ ఇంట్లో కూడా అందరూ దిగి తోసిన బండి ఉండేదా? తోసింది ఎవరెవరు... కింద రాయండి, చదువుకుంటాను.