మా పాప తీసేసిన అధ్యాయం

మా పాప పోయిందని మా ఆయన కోలారు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసినప్పుడు నేను ఇంట్లో ఉన్నాను. ముందు రోజంతా ఆమె మంచం పక్కనే కూర్చున్నాను. ఆవును చూసేవాళ్లు లేరు, పోయి రా అని ఆమే నన్ను పంపింది. డెయిరీలో పాలు పోసి వచ్చి, మళ్ళీ బస్సుకు పోదామని చీర మార్చుకుంటున్నాను. "ఇంగ నువ్వు రావద్దులే, మేమే వస్తా ఉండాము" అన్నాడు. ముందు అదొక్కటే చెప్పాడు. మేమే అన్నాడు. ఆమె కూడా వస్తోంది అనుకుని ఒక క్షణం సంతోషపడ్డాను.

మా పాప అంటే నా కూతురు, బంగారుపేట దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా పాఠాలు చెప్పేది. ఆమె దగ్గర చదువుకున్న పిల్లలు ఆమె జ్ఞాపకంగా ఈ చిన్న పుస్తకం వేస్తున్నారు. అమ్మా, మీరు నోటితో చెప్పండి, మేం బాగా చేసి రాసుకుంటాం అన్నారు. వద్దన్నాను. మీ మేడమ్ గురించి వేసే పుస్తకంలో నా పేరు కింద ఇంకొకరు రాస్తే ఆమె ఊరుకుంటుందా? కుప్పం పక్క పల్లెలో ఐదో తరగతి దాకా తెలుగు చదివాను. పెళ్లయి బేతమంగళ వైపు వచ్చాక చుట్టూ కన్నడమే, అక్షరాలు మరిచిపోయాననుకున్నాను. రాస్తుంటే చెయ్యి నొప్పి పెడుతోంది. ఆగి ఆగి రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

చివరి ఏడాది పిల్లలు ప్రాజెక్టు అని ఒకటి రాయాలి. జిరాక్సు అంగడికి పోతే తయారుగా ఉన్నవి దొరుకుతాయట. అట్ట మీద పేరు మార్చుకుంటే చాలట. ఆ కట్టలు మా పాప ఇంటికి మోసుకొచ్చి దిద్దేది. ఒకసారి దిద్దుతూ దిద్దుతూ నవ్వడం మొదలుపెట్టింది. ఒక అమ్మాయి ప్రాజెక్టు మొదట్లో, సాయం చేసినవాళ్లందరికీ దండాలు చెప్పే పేజీలో, ఇంత ఓపిక పట్టిన నా భార్యకూ ఇద్దరు పిల్లలకూ అని ఉందట. ఎవరో మగమనిషి రాసుకున్నది అట్లే దిగిపోయింది. ఆదివారం ఆ అమ్మాయిని ఇంటికి పిలిపించింది. "ఏమ్మా, పెండ్లి చేసుకుంటివి, బిడ్డల్ని కూడా కంటివి, మాకు ఒక పూట కూడు పెట్టలేదే" అని అడిగింది. ఆ పిల్ల ముందు నవ్వింది, తరవాత ఏడ్చింది. మా పాప ఆమె మీద ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు. మళ్ళీ మొదటినుంచి రాయి, నేను నేర్పిస్తాను అంది.

అప్పటినుంచి ఆదివారాలు మా ఇంటి నిండా పిల్లలే. నేర్పించే పద్ధతి మాత్రం వింతగా ఉండేది. వాళ్లు చదవాల్సింది చదివాక పుస్తకం తీసుకుని రాగుల డబ్బా మీద పెట్టేసేది. పెన్ను కూడా లాక్కునేది. ఇప్పుడు మా అమ్మకు చెప్పు అనేది. నేను అనపకాయలు ఒలుస్తూ వినేదాన్ని. పాపం ఆ పిల్లలు తెలుగూ కన్నడమూ అరవమూ అన్నీ కలిపి చెప్పేవాళ్లు, చెమటలు కారేవి. నాకు తెలిసేలా చెప్పగలిగితే అప్పుడు పోయి రాసుకోవచ్చు. మా పల్లెల్లో ఎవరైనా ఏదైనా సంగతి మోసుకొస్తే ముందు అడిగేది, ఎవురు చెప్పినారు నీకు అని. నేనూ అలవాటు కొద్దీ మధ్యమధ్యలో అట్లే అడిగేదాన్ని. మా పాపకు అది ఎంతో నచ్చింది. "రాసేటప్పుడు మా అమ్మ పక్కన కూర్చోనుండాదని అనుకో. ఎవురు చెప్పినారని అడగతాది. ముందే పేరు రాసి పెట్టెయ్యి" అని అందరికీ చెప్పేది.

ఇంట్లో కూడా అంతే. కూర బాగుందని చుట్టాలంటే, ఇది మా పిన్నమ్మ చేసే పద్ధతి అనేది. మా ఆయన యాడనో విన్న జోకు తనదే అన్నట్టు చెప్పబోతే, నాయనా అది ఏడున్నర బస్సు కండక్టరుది కదా అని నవ్వేది. ఆయనకు కోపం వచ్చేది. ఇప్పుడు ఆయన జోకులు చెప్పడం మానేశాడు.

ఇట్లా పిల్లలకు నేర్పిస్తూనే తనూ పీహెచ్‌డీ చదివేది. పొద్దున్నే బంగారుపేటలో రైలెక్కి బెంగళూరు పోయి గైడు సారును కలిసి వచ్చేది. మా వైపు చెరువు నీళ్లు బంగారు గనుల ఊరికి పోయిన కాలంలో ఇక్కడి ఆడవాళ్లు ఎట్లా బతికారో, దాని మీద ఆమె థీసిస్. అది ముగియవస్తోందనగా కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్‌కు కోలారు తిరగడం మొదలైంది. ఆ రోజుల్లో ఆమె ముఖం చూస్తే నాకు ఒకటే ఆశ. ఆ పుస్తకం ఇచ్చేసి, పేరు ముందు డాక్టర్ అని పెట్టుకుని, ఆ తరవాత ఎంత కాలం ఉంటే అంత కాలం విశ్రాంతిగా ఉండాలని.

అప్పుడే ఒక ఆదివారం ఒక అమ్మాయి ప్రాజెక్టు చూస్తూ, ఇది ఫలానా కన్నడ పుస్తకంలోది కదా అని పట్టుకుంది. ఆ పిల్ల ఒప్పుకోలేదు. "లేదు మేడమ్. ఆ పుస్తకం కన్నడంలో ఉండాది, నేను రాసింది ఇంగ్లీషు. డిక్షనరీ పెట్టుకొని ఒక్కో మాటా నేనే రాసినాను. కాపీ ఎట్లైతాది?" అంది. మా పాప ఏదో చెప్పబోయి ఆగిపోయింది. వచ్చే వారం మాట్లాడదాం పో అని పంపించేసింది.

సాయంత్రం చూస్తే మంచం మీద తన థీసిస్ కాగితాలు, ఒక పాత కన్నడ పుస్తకం పక్కపక్కన పరుచుకుని కూర్చుని ఉంది. ఏందని అడిగాను.

"నేనూ అదే చేసినాను అమ్మా" అంది.

చదువు మొదలుపెట్టిన కొత్తలో, ఈ సంగతులేవీ తెలియక, ఎప్పుడో పోయిన ఒక అయ్యవారు రాసిన పుస్తకం నుంచి రెండో అధ్యాయం అంతా ఇంగ్లీషులోకి మార్చి రాసిందట. అంత కష్టపడింది కాబట్టి తనదే అనుకుందట. కాపీ కొట్టారా అని చూసే కంప్యూటరు పరీక్షలో ఏమీ దొరకలేదు. ఆ కన్నడ పుస్తకం కంప్యూటరులో లేదు కదా. సారు కూడా బాగుందన్నాడు.

కష్టపడి రాసినావు కదా, నీదే అవుతుంది అన్నాను.

"కష్టం నాదే అమ్మా. ఊరూరూ తిరిగింది ఆయన, అడిగింది ఆయన, ఆలోచన చేసింది ఆయన."

"అయితే పిల్లలకు చెప్తావే, అట్ల ఆయన పేరు పెట్టెయ్యి."

"పెడతా పోతే ప్రతి లైను కిందా ఆయనే ఉంటాడు. దాంట్లో నేను యాడ ఉండాను?"

ఆ ఒంటితో మళ్ళీ మొదలుపెట్టొద్దని ఏ తల్లి అయినా చెప్పేదే నేనూ చెప్పాను. ఇంగ యాడ తిరగతావు పాపా అన్నాను. "బస్సు ఉండాది కదా" అని నవ్వింది. ఆ అధ్యాయం మొత్తం తీసేసింది.

తరవాత డయాలసిస్ లేని రోజుల్లో చెరువు చుట్టూ ఉన్న పల్లెలకు పోయేవాళ్లం. నేను నీళ్ల సీసా, గొడుగు పట్టుకుని వెనకాల నడిచేదాన్ని. నీళ్లు కూడా ఆమె కొలతగానే తాగాలి. ఎండలో నోరు ఎండిపోతున్నా నీళ్ల గురించే అడుగుతూ కూర్చునేది. చివరగా కలిసింది ఒక ముసలవ్వను. పట్టుపురుగులకు ఆకు వేస్తూ చాలాసేపు మాట్లాడింది. ఇవన్నీ రాసుకొని ఏం చేస్తావు అని అవ్వ అడిగితే, "నీ పేరు పెట్టి నువ్వు చెప్పినట్లే రాస్తాను అవ్వా" అంది. అవ్వ సిగ్గుపడింది. తిరిగి వస్తుంటే బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఆ వారమే ఆసుపత్రిలో చేర్చాము.

కర్మలు అయిపోయాక గైడు సారు ఫోన్ చేశారు. మంచి మనిషి. మాట్లాడుతూ ఆయనా ఏడ్చారు. థీసిస్ పూర్తిగా ఉంటే, మనిషి లేకపోయినా పట్టా ఇమ్మని యూనివర్సిటీని అడగవచ్చట. ఒక్క రెండో అధ్యాయమే సగంలో ఉంది, పాతది నా దగ్గర భద్రంగా ఉంది, అది పెట్టేస్తే సరిపోతుంది, మీరు సరే అంటే చాలమ్మా అన్నారు.

ఆమె పేరు ముందు డాక్టర్ అని ఒక్కసారి చూడాలని నాకు ఉంది. ఇప్పటికీ ఉంది. సరే అనే మాట నా నోటి దాకా వచ్చింది. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాను. అవతల సారు హలో హలో అంటున్నారు.

"అది ఆ బిడ్డ తీసేసినాది సార్. నేను పెట్టలేను" అన్నాను.

సరేనమ్మా, ఎంత రాసిందో అంతే పంపిస్తాను, యూనివర్సిటీ వాళ్లు ఏమంటారో చెప్పలేను అన్నారు. వాళ్లు ఇంకా ఏమీ చెప్పలేదు. పట్టా రాదేమో.

ఆ థీసిస్‌ను అట్ట వేయించి ఒక కాపీ నాకు పంపారు. నాకు ఇంగ్లీషు రాదు. పిల్లల్లో ఒక అమ్మాయిని ఆ రెండో అధ్యాయం ఎక్కడ ఆగిందో చూపించమన్నాను. ఆమె పేజీలు తిప్పి ఒక చోట వేలు పెట్టింది. ఆ వరసలో చెరువు పక్క ఊరి పేరు ఉందట, అవ్వ పేరు ఉందట, నాతో చెప్పింది ఏమిటంటే అని ఉందట.

ఏం చెప్పిందో లేదు. అక్కడినుంచి కింది దాకా పేజీ అంతా తెల్లగా ఉంది.