ఆపాల్సినవాడు ఎక్కడ?

మా మామయ్యకు ఒకటే జబ్బు. ఏది పాడైనా చేసినవాణ్ణి ఒక్క మాట అనడు. ఆపాల్సినవాడు ఏమైపోయాడని ఇల్లంతా వెతుకుతాడు.

ఇంట్లో దొంగలు పడ్డ రోజు పోలీసులు దొంగ ఆనవాళ్ళు అడుగుతుంటే, ఈయన కుక్క ముందు గొంతుక్కూర్చుని, "నువ్వేం చేస్తున్నావు?" అని నిలదీశాడు. కుక్క తల దించుకుంది. కొత్త కోడలు పొయ్యంతా పాలు పొంగిస్తే, "పాలన్నాక పొంగుతాయమ్మా. పక్కనే కూర్చుని పేపరు చదువుతున్న మావాడేం చేస్తున్నాడు?" అన్నాడు. కొడుకు మళ్ళీ వంటింటి ఛాయలకు పేపరు తీసుకెళ్ళలేదు.

ఈ జబ్బు ఆయనకు ప్రయోగశాలలో అంటుకుంది. అక్కడ ఆయన పని కిడ్నీ క్యాన్సర్ మీద. అందులోనూ గడ్డ మీద కోపం లేదు. మిగతా జన్యువులను అదుపులో పెట్టాల్సిన ఒక జన్యువు ఎందుకు చెడిపోయిందా అని జుట్టు ఊడేదాకా ఆలోచించాడు. ఆయన వ్యాసాలు చదివినవాళ్ళు ఇద్దరే, ఆయనా, అచ్చుతప్పులు దిద్దినవాడూ. రెండోవాడు సగంలో మానేశాడని విన్నాను.

అలాంటిది మా అమ్మకే, అంటే ఆయన అక్కకే, కిడ్నీలో క్యాన్సర్ గడ్డ బయటపడింది. ఆ కిడ్నీ తీసేస్తే గండం గడుస్తుందన్నారు డాక్టర్లు. అమ్మ ససేమిరా అంది. కారణం మా పెద్దమ్మ. వచ్చినప్పుడల్లా మంచం పక్కన చేరి, "నీళ్ళు తాగవే అని మొత్తుకున్నాను, విన్నావా? చేతులారా తెచ్చుకున్నావు" అనేది. "చేసుకున్నది నేనే అనుభవిస్తాను, కోతలెందుకు?" అని అమ్మ గోడవైపు తిరిగి పడుకునేది. మాకు నిజంగా భయం వేసింది.

ఓ రోజు మామయ్య వచ్చాడు. పెద్దమ్మ మొదలెట్టగానే చెయ్యెత్తాడు.

"ఆగు పెద్దక్కా. చిన్నక్కా, ఇటు తిరుగు. కణంలో కొన్ని జన్యువులు 'ఊపిరాడట్లేదు, కొత్త రక్తనాళాలు వెయ్యండి' అని అరుస్తుంటాయి. 'గాలి బాగానే ఉంది, నోర్మూసుకోండి' అనడమే ఒక జన్యువు పని. నీ కిడ్నీలో అది చెడింది. అరుపులు నిజమని నమ్మి రక్తమంతా అటే పారింది. గడ్డ పెరిగింది."

"నీళ్ళు తాగి ఉంటే?" అంది అమ్మ.

"బిందెలు బిందెలు తాగినా అది బాగయ్యేది కాదు. నీ తప్పు కాదక్కా. నా సర్వీసంతా దాన్నే నిలదీశాను, నాకు తెలీదా?"

అమ్మ లేచి కూర్చుంది. ఈయన చాదస్తం పుణ్యమా అని తిట్లు తప్పించుకున్నవాళ్ళు మా ఇంట్లో ఎంతమందో నాకప్పుడు లెక్కకొచ్చింది. దొంగ సంగతి వదిలేద్దాం.

నాకు ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. సరిగ్గా అప్పుడే నావైపు తిరిగాడు.

"పెద్దక్క అన్నేసి మాటలంటుంటే నువ్వేం చేస్తున్నావురా?"

నేను కుక్కలాగే తల దించుకున్నాను. అమ్మ నవ్వేసింది. "ఆపరేషన్‌కి వస్తాను గానీ, ముందు మా తమ్ముణ్ణి ఆపాల్సినవాళ్ళెవరో రండమ్మా!"

గుమ్మంలోంచి అత్తయ్య అంది: "నేనే వదినా. పెళ్ళైన నెలకే చేతులెత్తేశాను."