వైరస్‌ను చంపే చీర

కరోనా రోజుల్లో సెలవులకు సూరత్ వెళ్లి నానమ్మకు చీర కొన్నామన్నది నిశ్చయం. దానికి తగిలిన వైరస్ చస్తుందన్నది కేవలం దుకాణదారు మాట. కొత్త పాలిస్టర్ వాసన వస్తే నాకిప్పటికీ ఆ మూర్ఖత్వమే గుర్తొస్తుంది.

సూరత్‌లోనే ఉధ్నాలో మరమగ్గం నడిపే మామయ్య బట్టను నలిపి చూశాడు. "గిది మా సాంచెల మీద నేసేదే, బావా. మందు గిట్ల ఏం లేదు. ఉంటే ఆ దుకాణమాయన మూతికి రెండు మాస్కులెందుకు?"

"చీరకున్న చీటీ మీద ఇంగ్లీషుల రాసున్నది. నీకేం ఎరుక," అన్నాడు నాన్న. ఏడో తరగతి చదివే నేనూ ఇంగ్లీషు అబద్ధమాడదనుకున్నాను.

ఆయాసంతో నెలల తరబడి గడప దాటని నానమ్మ, ఆ చీర కట్టుకుని మాస్కు లేకుండా పెళ్లికి వెళ్లింది. ఆమెకేమీ కాలేదు, నాన్న దాన్నే రుజువుగా చాటాడు. ఒక్కరి అదృష్టం రుజువు కాదు.

నానమ్మ నిజంగా నమ్మిందో, గడప దాటడానికి సాకు దొరికిందని కట్టుకుందో తేలలేదు. అడిగినప్పుడల్లా ఆమె పెళ్లి భోజనం గురించే చెప్పేది.